గోడమీది పటము

చిత్రకళను గూర్చి వ్రాయువారు సాధారణముగా ప్రదర్శనశాలలలో తాము చూచిన చిత్రములను గూర్చియే వ్రాయుదురు. అచ్చట గోడలు తెల్లగా నుండును. దీపములు చిత్రము కొరకే వెలుగుచుండును. చూడవచ్చినవాడు అడుగుల చప్పుడు కాకుండ నడచి, ఒక్కొక్క పటము నెదుట నిమిషము సేపు నిలిచి, క్రింద వ్రాసిన పేరు చదివికొని, ముందునకు సాగిపోవును. ఆ నిమిషములో కలిగిన యభిప్రాయమునే మనము విమర్శ మనుచున్నాము. కాని చిత్రము ప్రదర్శనశాలలో కాపురముండదు. నాలుగు దినములు విడిదిలో నున్నట్లుండి, తన్ను కొన్నవాని యింటికి పోవును. పెండ్లిపందిటిలో వధువును చూచి మెచ్చుకొనువారు పదిమంది యుందురు. అత్తవారింట నామె బ్రతుకెట్లున్నదని విచారించువారు మాత్ర మరుదు. చిత్రముల విషయమునను మన తీరిట్లే యున్నది.

నేను వికారాబాదులో నుపాధ్యాయుడను. బంధుత్వముచేత తాండూరునకు తరచుగా పోవుచుందును. ఈ రెండు పట్టణములలోను పటములను ప్రేమతోనో ప్రతిష్ఠకొరకో కొని గోడలకు వ్రేలాడగట్టుకొన్న కొన్ని యిండ్లు నాకు పరిచితములు. వానిని నేనొక్కమారు కాదు, పండుగనాడును పనిదినమునను, ఉదయమునను దీపములు పెట్టిన వెనుకను, పలుమారులు చూచితిని. ఆ గృహస్థుల పేర్లు చెప్పను. తలుపు తీసి లోనికి రమ్మన్నవారిని వీధిలో నిలువబెట్టుట మర్యాద కాదు. కాని అచ్చట చూచినదానివలన నాకు కలిగిన ఆలోచనలు పదిమందికి పనికివచ్చునని తోచి వ్రాయుచున్నాను.

మొదట మాటల యర్థము నిర్ణయించుకొందము. మూలచిత్రమనగా చిత్రకారుని చేయి స్వయముగా తాకినది. తైలవర్ణముతో గాని జలవర్ణముతో గాని వేసిన చిత్రము లోకమున నొక్కటియే యుండును. ముద్రణచిత్రము వేరు. చిత్రకారుడు తానే లోహపు రేకుమీదనో, శిలమీదనో, చెక్కమీదనో బొమ్మను గీసి, సిరా పూసి, కాగితముమీద నొత్తి, ఇన్ని ప్రతులే తీయుదునని నియమము పెట్టుకొని, ప్రతిదాని యడుగున పెన్సిలుతో సంఖ్య వేసి సంతకము చేయును. ఇరువదియైదింటిలో మూడవది యైనచో 3/25 అని వ్రాయును. ఆ యిరువదియైదును మూలములే. అవి యొక తల్లి బిడ్డలవంటివి. ఒకటి మరియొకదానికి నకలు కాదు. ఇక మూడవది యంత్రపు నకలు. ఎచ్చటనో యున్న చిత్రమునకు ఛాయాచిత్రము తీసి అచ్చువేసినది. క్యాలెండరు బొమ్మయు, పత్రిక ముఖచిత్రమును, నేటి దినములలో కాన్వాసు గుడ్డమీద డిజిటలు యంత్రము చిమ్ము రంగులబొమ్మయు ఈ తరగతిలోనివి. ఈ మూడింటి భేదము తెలియక కొన్నవారును, తెలిసియు చెప్పక యమ్మినవారును మనలో కలరు. కాని ఈ భేదము తెలిసినంతమాత్రమున వ్యవహారము తీరదని నా మొదటి యుదాహరణమే చూపును.

తాండూరులో నొక పాత వర్తకుల యిల్లు కలదు. కందుల వ్యాపారము చేసిన కుటుంబము. ముందరి యర్రలో పరుపును, లెక్కల పెట్టెయు ఇప్పటికిని ఉన్నవి. నేల తాండూరు బండ. ఈ బండ నీలపు చాయ గల సున్నపురాయి. భీమానదీ పరిసరముల సున్నపురాతి పొరలలో నిది దొరకును. నునుపు చేసిన బండ వెలుతురును మ్రింగదు, పైకి త్రిప్పి పంపును. కాబట్టి ఆ యింటిలో పటముమీద వెలుతురు పైనుండియే కాక క్రిందినుండియు పడును. ఆ గోడమీద రవివర్మ ముద్రణాలయమునుండి వచ్చిన లక్ష్మీదేవి యోలియోగ్రాఫు కలదు.

రాజా రవివర్మ 1848లో జన్మించి 1906లో గతించెను. 1894లో ఆయన బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించి, జర్మను నిపుణులచేత తన చిత్రములను రంగులలో నచ్చువేయించెను. అది శిలాముద్రణము. జర్మనీదేశములోని సోల్న్‌హోఫెను గనులనుండి వచ్చు సన్నని సున్నపురాతిపై జిడ్డుసిరాతో బొమ్మ వ్రాసి, రాతిని తడిపి, సిరా పూసినచో, తడిసినచోట సిరా అంటదు, జిడ్డున్నచోట నంటును. ఒక్కొక్క రంగునకు నొక్కొక్క శిల కావలెను. ఇందులో నాకొక వింత తోచుచుండును. ఆ యింటిలో పాదముల క్రింద నున్నదియు సున్నపురాయియే, గోడమీది దేవికి జన్మస్థానమును సున్నపురాయియే. వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము 1874లో తెరువబడినది. ఆ దారిలోనిదే తాండూరు. బొంబాయి సరకులు దిగుట కీ యూరికి దూరాభారము లేకపోయెను. ఆలయములో నడుగుపెట్టనీయని కులములవారి యిండ్లలోనికిని దేవతామూర్తి ఈ కాగితముమీదనే ప్రవేశింపగలిగెను. సంస్కరణమును గోరువా రీ సంగతి మరువరాదు.

పండితులు ఓలియోగ్రాఫును మూలచిత్ర మనరు. శిలమీద దానిని వ్రాసినవాడు రవివర్మ కాడు, ముద్రణాలయపు పనివాడు. నిజమే. కాని నేను చెప్పుచున్న పటములో లక్ష్మీదేవి చీర కాగితపు చీర కాదు. ఇప్పటి యజమాని నాయనమ్మ క్రొత్తకోడలుగా వచ్చిన దినములలో, ఆ బొమ్మచీర యంచువెంట సన్నని జరీని సూదితో కుట్టి, నగలకు తళుకులు అద్ది, ఆ పిమ్మట అద్దము వేయించినది. ఇట్టి యలంకరణము దేశమునందు పలుచోట్ల స్త్రీలు చేసియున్నారు. వేలకొలది వచ్చిన అచ్చుబొమ్మలలో ఈ యొక్కటి మాత్రము ఆ సూది తాకుటచేత లోకమున రెండవది లేనిదయ్యెను. పగటివేళ చూచినచో అగరుపొగ పట్టి, రంగు తగ్గి, సామాన్యముగా కనిపించును. సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఆ బండలమీది వెలుగు పైకి లేచి జరీని తాకినప్పుడు, ఆ పటము అన్నిటికంటె సజీవముగా నుండును. నకలును మూలముగా మార్చిన ఆ చేతికి సంతకము లేదు. ఆమె పేరు పటము వెనుక వ్రాయుడని యజమానిని నేను కోరితిని. ఆయన కాసేపు ఆలోచించి, మేనత్తకు టెలిఫోను చేసి, పేరు తెలిసికొని వ్రాసెను. నాయనమ్మ పేరు తెలియుటకు మనుమడు మరియొకరి నడుగవలసి వచ్చినదే యని నాకు కొంత బాధ కలిగినది.

విష్ణుధర్మోత్తర పురాణములో చిత్రసూత్రమను భాగము కలదు. చిత్రమునందు ఆచార్యులు రేఖను మెచ్చుకొందురనియు, వివేకులు ఛాయలను చూతురనియు, స్త్రీలు ఆభరణములను కోరుదురనియు, తక్కినవారు రంగుల సంపదను ఇష్టపడుదురనియు అందు చెప్పబడినది. సంస్కృతము చదువుకొన్న నాటినుండి నే నీ మాటను ప్రమాణముగా విద్యార్థులకు చెప్పుచు వచ్చితిని. ఆ పటమును చూచినతరువాత నాకు సందేహము కలిగినది. ఆ నాయనమ్మ ఆభరణమును కోరినది నిజమే. కాని ఆమె జరీ కుట్టిన దెచ్చట? చీరమడత వంపు తిరిగినచోటనే, రేఖ వెంటనే. రేఖ తెలియనివారి కది సాధ్యము కాదు. ప్రతిదినమును వాకిట చుక్కలు పెట్టి, చేయి తీయకుండ ముగ్గుగీత కలుపు స్త్రీకి రేఖ తెలియదని శాస్త్రకారు డెట్లనగలిగెను? ఆయన ప్రదర్శనమును చూచెనుగాని వాకిలిని చూడలేదేమో.

రెండవ యిల్లు వికారాబాదులో, అనంతగిరికి పోవు దారిలో నున్నది. యజమాని ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి. ఆయనవద్ద లక్ష్మాగౌడుగారి ఎచింగు ఒకటి యున్నది. లక్ష్మాగౌడుగారు 1940లో మెదకు జిల్లా నిజాంపురమున జన్మించి, హైదరాబాదులోను బరోడాలోను చిత్రవిద్య నభ్యసించిరి. మేకలు, చెట్లు, పల్లెల స్త్రీపురుషులు ఆయన గీతలో ప్రసిద్ధికెక్కిరి. ఎచింగు పద్ధతి యిది: జింకురేకుమీద మైనపుపూత పూసి సూదితో గీయుదురు. రేకును ఆమ్లములో ముంచినచో పూత తొలగిన గీతలను మాత్రము ఆమ్లము కొరుకును. ఆ పల్లములలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితము పరచి, యంత్రములో గట్టిగా నొత్తుదురు. సిరాగీత కాగితముమీద వెండ్రుకవాసి పొంగియుండును. రేకు అంచు కాగితములో చతురముగా నొక్కుపడియుండును. ఇవి రెండును చేతనైన నకలుకారుడును సులభముగా తేలేని గుర్తులు.

నేను మొదటిసారి పోయినప్పుడు పట్టపగలు. పటము కిటికీ కెదురుగోడమీద నున్నది. పటమును చూడబోయి అద్దములో నా ముఖమును, నా వెనుక వేపచెట్టును చూచుకొంటిని. ఇంత మంచి చిత్రమును ఇట్టిచోట పెట్టుట యేమని మనస్సులో ననుకొని, కొంచెము మర్యాదగా ఆ మాటయే పైకి చెప్పితిని. ఆయన నవ్వి, “నాలుగు గంటలకు రండి సారూ” అనిరి. నాలుగు గంటలకు పోయితిని. సూర్యుడు ఇంటి వెనుకకు పోయెను. కిటికీలో ఎండ లేదు. ప్రక్కద్వారమునుండి వచ్చు వెలుతురు గోడవెంట వాలుగా జారుచుండెను. ఆ వాలువెలుగులో పొంగిన ప్రతి గీతకును సన్నని నీడ యేర్పడెను. మేక వెన్నుమీది రోమములు, ముసలివాని మెడలోని నరములు, చెట్టుబెరడులోని పగుళ్లు, అన్నియు కాగితమునుండి లేచి వచ్చినట్లుండెను. పావుగంట గడచిన తరువాత మరల అణగిపోయెను. ఆ పెద్దమనిషి ప్రతిదినము ఆ పావుగంట సేపు అచ్చట కుర్చీ వేసికొని కూర్చుండును. నేను చేసిన విమర్శమునకు సిగ్గుపడితిని. చిత్రమును సేకరించినవాడనగా డబ్బిచ్చి కొన్నవాడు కాడు, దాని వేళ యెరిగినవాడని ఆనాడు తెలిసికొంటిని. ప్రదర్శనశాలలో నిన్నియు నొకటే దీపము. అచ్చట వేళలు లేవు.

ఆయనవద్ద అదే చిత్రకారుని మరియొక ముద్రణచిత్రము కలదు. లక్ష్మాగౌడుగారి తొలిదినముల చిత్రములు కొన్నిటిలో స్త్రీపురుషుల కామభావము దాపరికము లేక వ్యక్తమగును. ఆ రెండవ పటమును లోపలి పడకగదిలో నుంచిరి. వియ్యాలవారు వచ్చినప్పుడు ఆ గదికి తాళము వేయుదురట. ఇందులో కపటమున్నదని కొందరందురు. నేనట్లనను. గృహములలో శృంగార హాస్య శాంత రసముల చిత్రములనే యుంచవలెనని చిత్రసూత్రము విధించినది. భయంకరములు, బీభత్సములు దేవాలయములకును రాజసభలకును విడువబడినవి. శృంగారము ఇంటికి నిషిద్ధము కాలేదన్నది గమనింపదగినది. కాని యిల్లనునది యొక గది కాదు. వాకిలి, చావడి, వంటిల్లు, పడకగది అను నంతస్తులు దానికి గలవు. ఏ పటమునకు ఏ గది తగునో నిర్ణయించుట దాచుట కాదు, వివేకము. అయితే ఆ గదిలోని చిత్రమును గూర్చి ఆ యింటి యిల్లాలి యభిప్రాయ మెవరును అడుగలేదని నేను తెలిసికొని, అడుగుడని చెప్పితిని. ఆమె చెప్పిన దేమో నాకు తెలియదు, తెలియనవసరమును లేదు. పటము మాత్రము అచ్చటనే యున్నది.

మూడవది నా సహోపాధ్యాయుని చిన్న యిల్లు. ఆయన చేర్యాల పటమొకటి కొని పిల్లల మంచమునకెదురుగా పెట్టెను. చేర్యాల సిద్దిపేట జిల్లాలోనిది. అచ్చటి నకాషీలు గుడ్డకు చింతగింజల జిగురును, తెల్లసుద్దను పూసి, ఎర్రని నేపథ్యముమీద కథలు వ్రాయుదురు. ఒకప్పుడా గుడ్డ పలు మూరల పొడవుండెడిది. పద్మశాలీల కొరకు మార్కండేయ పురాణము, మాదిగల కొరకు జాంబపురాణము, ఇట్లే యొక్కొక్క కులమున కొక్కొక్క కథ. కథకుడు రాత్రివేళ దానిని క్రమముగా విప్పుచు, చూపుచు, పాడుచు కథ చెప్పెడివాడు. ఇప్పుడు కొనువారి గోడల కొలతనుబట్టి ఒక్కొక్క ఘట్టము విడిగా వ్రాయబడి చట్రములో బిగింపబడుచున్నది. కళాకారుల కుటుంబములు బ్రతుకవలెను గనుక దానిని తప్పుపట్టను. కాని ఆ యింటిలో నొక వింత జరిగినది. ఆరేండ్ల పిల్లవాడు రాత్రి పడుకొని పటమును చూచుచు, “తర్వాత ఏమైంది నాయినా?” అని యడిగెను. తండ్రికి తెలియదు. ప్రతిరాత్రి యడుగుచుండగా, ఆయన సెలవులలో చేర్యాలకు పోయి, కథనంతయు వినివచ్చి చెప్పెను. చట్రములో బంధింపబడియు ఆ చిత్రము తన స్వభావమును మానలేదు. విప్పుమని యడుగుచునే యుండెను. అడుగునది విను పిల్లవాడొకడుండుట దాని యదృష్టము.

నాలుగవ యింటిని గూర్చి వ్రాయుటకు కొంత సంకోచించుచున్నాను. అది తాండూరులోని క్రొత్త యిల్లు. బండల వ్యాపారముచే కష్టపడి పైకివచ్చిన కుటుంబము. దివాన్‌ఖానాలో నిలువెత్తు పటము. పసుపు పూసిన ముఖము, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ఎర్రచీర కట్టిన తెలంగాణపు పల్లెపడుచు. తోట వైకుంఠముగారి చిత్రమని చెప్పిరి. ఆయన 1942లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించి, తన యూరి స్త్రీలను కలపని శుద్ధమైన రంగులలో వ్రాసి, వారి నల్లని మేనిచాయను దేశము నలుమూలల గోడలమీద గౌరవముతో నిలిపినవారు. తెల్లదనమే యంద మనుకొను దేశములో నది చిన్న సంస్కరణము కాదు. పటము క్రింద సోఫా. సోఫా ఎరుపును పటము ఎరుపును కలియవలెనని ఇల్లలంకరించినవారు చెప్పి కొనిపించిరట.

నేను పోయిన వేళకు యజమాని లోపల నుండిరి. పనిచేయు స్త్రీ యొకతె నేల తుడుచుచుండెను. ఆమె నుదుటను అంత బొట్టే యున్నది. నేను పటమును చూచుట గమనించి, ఆమెయు లేచి నిలిచి చూచి, “ఈమె మా చిన్నమ్మ లెక్కనే ఉన్నది సారూ, గని చేతులకు పనే లేదు” అన్నది. నేను నలుబదియేండ్లు దాటి రెండు భాషల విమర్శగ్రంథములు చదివితిని. ఆ పటమును గూర్చి అంత సూటియైన మాట నాకు తోచలేదు. పోలిక యున్నదన్నది, కొరత యున్నదన్నది. రెండును ఒక్క వాక్యములో. ఆ యింట పటము పెట్టి రెండేండ్లు గడచినను, ప్రతిదినమును దానికెదురుగా వంగి పనిచేయు నామె నెవరును ఎట్లున్నదని యడుగలేదు.

కొన్ని దినములకు యజమాని పటమును పరీక్షించి చెప్పుమని నన్ను కోరిరి. పాఠశాల విజ్ఞానశాలనుండి భూతద్దము తెచ్చుకొని పోయితిని. చేతితో రంగు వేసినచో కుంచె వెండ్రుకల చారలు, రంగు గట్టుకట్టిన యంచులు, ఒక రంగుమీద నొకటి యెక్కిన పొరలు కనబడవలెను. నాకు కనబడినవి చుక్కలు. పసుపు ముఖమంతయు సన్నని రంగుల తుంపరలే. పైన పూసిన వార్నిషులో మాత్రము కుంచెచారలు కలవు. యంత్రము చిమ్మిన బొమ్మమీద చేతిపని యని భ్రమ కలుగుటకై వానిని దిద్దిరి. అమ్మిన వర్తకుడు మూలచిత్రమని చెప్పి మూలచిత్రపు వెలయే తీసికొన్నాడు.

చెప్పవలెనా, మానవలెనా? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇల్లంతయు ఆ పటమును చూచి గర్వపడుచున్నది. చెప్పినచో ఆ గర్వము పోవును, నాకు స్నేహము పోవచ్చును. చెప్పకున్నచో అసత్యము దినదినము ఆ గోడమీద పెద్దదగుచుండును, ఆ చిత్రకారునకును అపచారము జరుగును. మరునాడు పోయి చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, “అయితే ఇన్ని దినాలు మేం చూసింది ఏంది సారూ?” అని యడిగిరి.

ఈ ప్రశ్నకు నే నప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయితిని. ఇప్పుడు చెప్పుచున్నాను. వారు చూచినది ఒక చిత్రమును గూర్చిన సమాచారము. ఉత్తరము వచ్చినంతమాత్రమున మనిషి వచ్చినట్లు కాదు. అయినను ఉత్తరమునకు విలువ లేకపోలేదు. పనిమనిషికి చిన్నమ్మ పోలిక ఆ నకలులోనే కనబడినది. ఆ పోలిక అబద్ధము కాదు. అబద్ధమైనది వెల, సంతకము, వార్నిషు. పోయినది చేతి జాడ. ఎచ్చట చేయి తొందరపడెను, ఎచ్చట ఆగెను, ఎచ్చట మార్చుకొనెను అను చరిత్ర. ఆ చరిత్రను సంవత్సరముల తరబడి ఇంటిలో చూచుటకే మనము మూలచిత్రమునకు ఎక్కువ వెల యిత్తుము. ఒక్క నిమిషము చూచుటకైతే నకలు చాలును.

ఆ గృహస్థు పటమును పారవేయలేదు. దివాన్‌ఖానానుండి తీసి, వంటింటి వెనుక వసారాలో, స్త్రీలు కందిపప్పు చెరుగుకొనుచోట పెట్టించిరి. మొన్న చూచితిని. అచ్చట దానిని మూలమని చెప్పువారు లేరు, సోఫాతో జత కలుపువారు లేరు. పనిచేయు నామె యిప్పుడు దానికెదురుగా కూర్చుండియే పని చేయుచున్నది. దివాన్‌ఖానాలోకంటె ఆ బొమ్మ అచ్చట బాగున్నదని చెప్పక తప్పదు.

ఇతరుల యిండ్లలోని లోపములు చెప్పినవాడు తన యింటిది దాచుట న్యాయము కాదు. నా గృహప్రవేశమునకు మా పాఠశాల డ్రాయింగు ఉపాధ్యాయుడు అనంతగిరి గుట్టలను మోదుగుపూలకాలములో జలవర్ణములతో వ్రాసి యిచ్చెను. మోదుగుల ఎరుపు ఆ చిత్రమునకు ప్రాణము. నేను గర్వముతో దానిని పడమటి కిటికీ వెలుతురు పడు గోడకే కొట్టితిని. ఏడేండ్లకు అద్దము పగిలి చట్రము విప్పవలసి వచ్చినది. అంచుపట్టీ క్రింద దాగిన వ్రేలెడు మేర ఎరుపు మండుచున్నది. తక్కిన గుట్టలన్నియు బూడిదనీలము. ఏడేండ్లుగా నా కన్నుల యెదుట ఎరుపు కొంచెము కొంచెముగా చచ్చుచుండగా నేను చూడనేలేదు. ఆ ఉపాధ్యాయు డంతకు ముందే గతించెను. మరల వ్రాయువాడు లేడు.

కావున తెలిసిన నాలుగు సంగతులు చెప్పెదను. కాగితముమీది చిత్రములను మ్యూజియములలో ఇంచుమించు 50 లక్సుల వెలుతురులోనే యుంచుదురు. మన మండుటెండ వెలుతురు లక్ష లక్సుల వరకు నుండును. కిటికీ ప్రక్కగోడమీద పడునది యెంత తగ్గినను మ్యూజియపు మితికి పలురెట్లు. వెలుతురు చేసిన చెరుపు కూడుచునే పోవును, తిరిగిరాదు. కాబట్టి జలవర్ణమును, ముద్రణచిత్రమును ఎండ తగలని లోపలిగోడకు కట్టవలెను. అద్దము కాగితమును తాకరాదు. వానకాలమున తేమచేరి బూజుపట్టును. నడుమ మందపు కాగితపు పట్టీ యుండవలెను. అదియు, వెనుక అట్టయు ఆమ్లము లేనివి కావలెను. చవుక అట్ట కొలదికాలములోనే చిత్రమును గోధుమరంగునకు త్రిప్పును. స్నానపుగది గోడకును, క్రొత్తగా సున్నము వేసి యారని గోడకును పటము కట్టరాదు. ఏటికొకమారు తీసి వెనుకభాగమును చూచినచో పురుగుల సంగతి తెలియును. ఇక ఎత్తు: మ్యూజియములలో చిత్రము నడిభాగము నేలకు ఇంచుమించు అయిదడుగుల యెత్తున నుంచుదురు, అది నిలుచుండి చూచువారి కొలత. మన యిండ్లలో చూచువారు చాపమీదను పీటమీదను కూర్చుందురు, పిల్లలు పాకుదురు. ద్వారబంధముమీద మెడలెత్తి చూడవలసినట్లు కట్టుట దేవుని పటములనుండి వచ్చిన యలవాటు. చిత్రమును క్రిందికి దింపుడు.

సేకరించువారి బాధ్యతను గూర్చి ఒక మాట. మీర్ యూసుఫ్ అలీఖాను సాలార్‌జంగు 1889లో జన్మించి 1949లో గతించెను. ఆయన జీవితమంతయు కూర్చిన వస్తువులను 1951లో ఆయన నివాసమైన దివాన్‌దేవిడీలోనే ప్రజలకు చూపిరి. 1968లో అవి మూసీతీరమున నున్న నేటి భవనమునకు మారినవి. ఆ మూసీ మా అనంతగిరి గుట్టలలోనే పుట్టును. ఒకని గృహము ప్రజల గృహమగుట కది నిదర్శనము. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లోనే గతించెను. ఆయన చిత్రములు నేటికిని ఆ నగరమున నొకచోట కూడి కనబడుచున్నవి. ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు తామును చిత్రకారిణులే యైరి. ఒక యింట చిత్రమున్నచో ఆ యింటి స్త్రీల చేతికి కుంచె వచ్చునని ఇంతకంటె మంచి సాక్ష్య మేమి కావలెను?

మనము సాలార్‌జంగులము కాము. 2016లో మా వికారాబాదు జిల్లాకేంద్ర మైనది. కచేరీలు వచ్చినవి, భవనములు లేచుచున్నవి. చిత్రశాల మాత్రము లేదు. కాని గోడలు గలవు, వానిమీద పటములును గలవు. సంవత్సరమున కొక ఆదివారము ఒక్కొక్క యింటివారు ఒక్కొక్క పటమును పాఠశాలకు తెచ్చి, దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పినచో నేమి? కొన్నవాడు వెలను చెప్పనక్కరలేదు. అది తన యింట ఏ వేళకు బాగుండునో చెప్పిన చాలును. దానిని రోజూ తుడుచువారిని కూడ పిలిచి మాట్లాడింపవలెను. ఈ సంవత్సరము మా పాఠశాలలో నిట్టి ప్రయత్నము చేయ సంకల్పించి, నా పాలుగా ఎరుపు పోయిన ఆ గుట్టల చిత్రమునే చట్రము విప్పి, మిగిలిన ఆ వ్రేలెడు అంచుతో సహా చూప నిశ్చయించుకొన్నాను. పిల్లలు మంచి చిత్రము నెట్లు చూడవలెనో దానివలన నేర్చుకొందురో లేదో గాని, ఎట్లు పోగొట్టుకొందుమో తప్పక నేర్చుకొందురు.